మాక్‌బెత్ ఒక్కటే చూడాలంటే: ఏ లేడీ మాక్‌బెత్‌ని ఎంచుకోవాలి?

"మాక్‌బెత్ మీద బోలెడు సినిమాలున్నాయి కదా, ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను మాక్‌బెత్ ఊసెత్తను. అతని భార్య ఎలా ఉండాలనుకుంటున్నారని ఎదురు ప్రశ్న వేస్తాను. మాక్‌బెత్ వేషం ఎవరు వేసినా కథ పెద్దగా మారదు. మంచి యోధుడు, ఆశ పుట్టింది, చంపాడు, చంపుతూనే పోయాడు, చివరికి తనూ చచ్చాడు. ఆమె మారితే మాత్రం నాటకం మొత్తం మారిపోతుంది. ఒక సినిమాలో అది కుట్ర కథ, ఇంకోదాంట్లో ఇద్దరు మొగుడూపెళ్లాల కథ, మరోదాంట్లో బిడ్డ పోయిన తల్లి కథ. అందుకే ఈ సలహా అంతా ఆమె చుట్టూనే తిరుగుతుంది.

షేక్‌స్పియర్ రాసిన ఈ నాటకం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నువ్వు రాజువవుతావని స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్‌కు మంత్రగత్తెలు జోస్యం చెబుతారు. ఆ సంగతి భార్యకు ఉత్తరం రాస్తాడు. రాజు డంకన్ ఆ రాత్రి వాళ్లింటికే అతిథిగా వస్తున్నాడు. భర్త వెనకాడతాడు, ఆమె ముందుకు తోస్తుంది. నిద్రపోతున్న రాజును అతను పొడిచేసి, కంగారులో కత్తులు చేత్తో పట్టుకునే తిరిగొచ్చేస్తాడు. వాటిని మళ్లీ ఆ గదిలో పెట్టి, కాపలావాళ్లకు రక్తం పూసి వచ్చేది ఆమే. తెల్లారేసరికి రాజ్యం వాళ్ల చేతికొస్తుంది. మన ప్రశ్న అక్కడి నుంచి మొదలవుతుంది: అంత గట్టి మనిషి ఎందుకు కూలిపోయింది?

షేక్‌స్పియర్ రాయకుండా వదిలేసింది

ఈ నాటకం 1606 ప్రాంతంలో రాసింది. అచ్చయింది 1623లో, షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు. అందులో ఆమెకు సొంత పేరు లేదు, ఫలానావాడి భార్య, అంతే. నాటకం మొత్తమ్మీద ఆమె కనిపించేవి తొమ్మిది రంగాలు. వాటిలోనూ ఒకచోట వచ్చి ఒక్క మాట అనేసి వెళ్లిపోతుంది. నాలుగో అంకంలో అసలు ఎక్కడా లేదు. ఇంత తక్కువసేపు కనిపించి ఇంతగా గుర్తుండిపోయే పాత్ర ఇంకోటి వెతకాలంటే కష్టమే.

మూడో అంకంలో విందు రంగం ఉంటుంది. మాక్‌బెత్ చంపించిన స్నేహితుడి దయ్యం అతనికి మాత్రమే కనబడుతుంది, నిండు సభలో అరుస్తాడు. ఆమె నవ్వుతూ సర్దిచెబుతుంది, కుదరకపోయేసరికి అతిథులందర్నీ పంపించేస్తుంది. ఇద్దరే మిగిలాక ఆమె చివరిగా అనే మాట, మీకు నిద్ర కరువైంది అని. మెలకువగా ఉండగా ఆమె నోట మనం వినే ఆఖరి మాట అదే. తర్వాత ఐదో అంకంలో కనిపించేసరికి నిద్రలో నడుస్తూ, లేని రక్తాన్ని చేతులకు రుద్దుకుంటూ ఉంటుంది. మధ్యలో ఏం జరిగింది? "రాజుగారు యుద్ధానికి వెళ్లినప్పటి నుంచి ఇలాగే ఉంది" అని పరిచారిక వైద్యుడితో చెప్పే ఒక్క మాట తప్ప నాటకంలో ఇంకేమీ లేదు. ఆ ఖాళీని ఏ నటి ఎలా పూడ్చిందన్నదే మనం పోల్చి చూడాల్సింది.

ఇంకో ఖాళీ బిడ్డ. నేను బిడ్డకు పాలిచ్చినదాన్ని, ఆ ప్రేమ ఎలాంటిదో నాకు తెలుసు అంటుంది ఆమె. అయినా నీలాగా మాటిచ్చి ఉంటే ఆ పసివాణ్ని నేలకేసి కొట్టేదాన్ని అని కూడా అంటుంది. మరి ఆ బిడ్డ ఏడి? నాటకంలో లేడు. చరిత్రలోని మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా రాజ్యమేలాడు. అతని భార్య పేరు గ్రువోహ్. ఆమెకు మొదటి భర్తతో లులాహ్ అనే కొడుకున్నాడు, మాక్‌బెత్ తర్వాత కొన్ని నెలలు రాజుగా కూడా ఉన్నాడు. షేక్‌స్పియర్ కథను తీసుకున్న హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథంలో ఈ భార్య ప్రస్తావన గట్టిగా ఒక వాక్యం: రాణి అనిపించుకోవాలన్న కోరికతో రగిలిపోయేది అని. అతిథిగా వచ్చిన రాజును ఇంట్లోనే చంపించడం, కాపలావాళ్లకు తాగించడం లాంటివి అదే గ్రంథంలో డాన్‌వాల్డ్ అనే వేరే హంతకుడి కథలోవి. ఆ రెండు కుటుంబాలనూ కలిపి ఆయన ఈమెను తయారుచేశాడు.

పట్టి చూడాల్సిన చోట్లు

నటి ఎవరైనా సరే నేను కొన్ని చోట్ల చెవులు రిక్కించి కూర్చుంటాను.

మొదటిది హత్యకు ముందు. "ఒకవేళ బెడిసికొడితే?" అంటాడు మాక్‌బెత్. ఆమె జవాబు ఇంగ్లీషులో రెండే మాటలు. దాన్ని ఎగతాళిగా, "బెడిసికొట్టడమా? మనకా?" అన్నట్టు పలకొచ్చు. కోపంగా పలకొచ్చు. లేదా చాలా మామూలుగా, "బెడిసికొడితే కొట్టనీ" అన్నట్టు పలకొచ్చు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఈ పాత్రతో ఇంగ్లండును ఊపేసిన సారా సిడన్స్ ఈ మూడూ వేర్వేరు రోజుల్లో ప్రయత్నించి చివరికి మూడోదానికే వచ్చి ఆగింది. నాకూ అదే నచ్చుతుంది. అరిచే మనిషి కంటే, ఓడిపోవడాన్ని కూడా ముందే లెక్కలో వేసుకున్న మనిషిని చూస్తే ఎక్కువ భయం.

రెండోది ఆమె దుష్టశక్తులను పిలిచే చోటు. నాలోని ఆడతనాన్ని తీసేయండి, నా పాలు తీసుకుని బదులుగా చేదు నింపండి అని వేడుకుంటుంది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నిజంగా రాయిలాంటి మనిషైతే ఆ సాయం అడగాల్సిన పనేముంది? తనలో మెత్తదనం ఉందని తెలిసే అడుగుతోంది. హత్య రాత్రి కూడా, రాజు నిద్రలో మా నాన్నలా కనిపించకపోతే నేనే ఆ పని చేసేసేదాన్ని అంటుంది. ఈ మాటను హడావిడిగా దాటేసే నటిని నేను నమ్మను.

మూడోది నిద్రలో నడిచే రంగం. 1785 ఫిబ్రవరి 2న లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్లో సిడన్స్ చేతిలోని కొవ్వొత్తిని పక్కన పెట్టేసింది. అప్పటిదాకా దాన్ని పట్టుకునే రంగం నడిపేవాళ్లు. అలా పెట్టొద్దని థియేటర్ యజమాని షెరిడన్ ఆమె గదికి వచ్చి మరీ బతిమాలాడు. రెండు చేతులూ ఖాళీ లేకుండా రక్తం ఎలా కడుక్కుంటుందన్నది ఆమె వాదన. ఆమే గెలిచింది.

సిడన్స్ గురించి ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. ఇరవై ఏళ్ల వయసులో ఈ పాత్రను మొదటిసారి బట్టీపట్టడానికి రాత్రి ఒంటరిగా కూర్చుందట. హత్య రంగం దగ్గరికొచ్చేసరికి భయంతో కొవ్వొత్తి పట్టుకుని మేడమీదికి పరుగెత్తింది. మెట్లెక్కుతుంటే తన పట్టుగౌను చేసే సరసర చప్పుడు దయ్యం వెంటపడుతున్నట్టు వినిపించిందని తనే రాసుకుంది. ఈ పట్టు చప్పుడు గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

డెంచ్, కొటియార్: రెండు చివర్లు

ఒక్కటే చూస్తానంటే నా ఓటు జూడీ డెంచ్‌కే. ట్రెవర్ నన్ దర్శకత్వంలో 1976లో షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒక చిన్న రేకుల హాల్లో మొదలైన ప్రదర్శన ఇది. ఇయాన్ మెకెలెన్ మాక్‌బెత్. తర్వాత టీవీ కోసం చిత్రీకరించారు, 1979లో ప్రసారమైంది. కోటలు లేవు, గుర్రాలు లేవు, చుట్టూ నల్లటి చీకటి, ముఖాలకు దగ్గరగా కెమెరా. డెంచ్ వంటిమీద సాదా నల్లబట్ట, తలకు గుడ్డ. రాణి అనడానికి ఏ ఆనవాలూ ఉండదు.

దుష్టశక్తులను పిలిచే చోట ఆమె చీకట్లోకి చేయి చాపుతుంది. అక్కడ నిజంగానే ఏదో తగిలినట్టు ఉలిక్కిపడి వెనక్కి వచ్చేస్తుంది. మళ్లీ ధైర్యం చేసుకుని పిలుస్తుంది. తనలోని భయాన్ని పక్కకు నెట్టి ముందుకు వెళ్లే మనిషి అని ఆ ఒక్క కదలికతో తెలిసిపోతుంది. ఆమె బలం ఎంతటిదో, ఆ బలం ఎంత అరువు తెచ్చుకున్నదో రెండూ అక్కడే పట్టుకోవచ్చు. మొగుడిమీద ప్రేమ కూడా దాచుకోదు. ఈ జంట ఒకర్నొకరు ముట్టుకోకుండా మాట్లాడలేరు. అందుకే మూడో అంకంలో అతను తన ఆలోచనలు ఆమెకు చెప్పడం మానేసినప్పుడు, తెలియకపోవడమే నీకు మంచిది బంగారం అన్నట్టు మాట దాటేసినప్పుడు, ఆమె ముఖంలో ఏదో ఆరిపోతుంది. నాకు తెలిసి ఆమె కూలిపోవడం మొదలయ్యేది అక్కడే. కిరీటం కోసం చేసిందని అందరూ అంటారు, ఈమె అతని కోసం చేసింది. చేశాక అతనే మిగల్లేదు.

నిద్రలో నడిచే రంగంలో షేక్‌స్పియర్ రాసింది మూడు "ఓ"లు మాత్రమే. వైద్యుడు విని, ఎంత బరువైన నిట్టూర్పు అంటాడు. డెంచ్ దాన్ని నిట్టూర్పులా వదలదు. సన్నగా మొదలై పైకి పైకి పోయే ఒక మూలుగు, మనిషి గొంతులోంచి వస్తోందా అని అనుమానం వచ్చేంత పొడుగు. మొదటిసారి విన్నప్పుడు నేను సౌండ్ తగ్గించేశాను.

దీనికి పూర్తిగా ఎదురు చివర 2015లో జస్టిన్ కర్జెల్ తీసిన సినిమాలో మారియన్ కొటియార్. మైకేల్ ఫాస్‌బెండర్ మాక్‌బెత్. సినిమా మొదలవడమే ఒక పసిబిడ్డ అంత్యక్రియలతో. షేక్‌స్పియర్ వదిలేసిన ఖాళీని దర్శకుడు మొదటి నిమిషంలోనే పూడ్చేశాడన్నమాట. అక్కణ్ణుంచి ఆమె ఏం చేసినా ఆ దుఃఖంలోంచే చేస్తుంది. నిద్రలో నడిచే రంగంలో నడక లేదు, చేతులు కడుక్కోవడం లేదు, వైద్యుడు లేడు. ఒక చిన్న చర్చిలో నేలమీద కూర్చుని, కదలకుండా, దాదాపు గుసగుసలా ఆ మాటలన్నీ చెప్పేస్తుంది. ఎవరితో మాట్లాడుతోందో చివర్లో చూపిస్తారు, ఆమె పోగొట్టుకున్న బిడ్డతో. కన్నీటి బొట్టు జారడం తప్ప ముఖంలో పెద్ద మార్పే ఉండదు. గొప్ప నటన, అందులో సందేహం లేదు.

అయినా నాకు ఒక పేచీ ఉంది. బిడ్డ పోయింది కాబట్టి ఇలా అయింది అని చెప్పేస్తే ఆమె మనకు అర్థమైపోతుంది, అర్థమైపోయాక కొంచెం చిన్నదైపోతుంది. రాజ్యం కావాలని కోరుకున్న ఆడదానికి ఏదో ఒక గాయం ఉండే తీరాలన్నట్టు. మాక్‌బెత్‌కు ఆశ ఉండటానికి మాత్రం ఎవరూ ఏ కారణం వెతకరు. ఈ సినిమా వల్ల ఆమెమీద జాలి కలుగుతుంది, భయం మాత్రం కలగదు. నాకు రెండూ కావాలి. మీకు జాలే ప్రధానమైతే, నెమ్మదిగా సాగే పొగమంచు దృశ్యాలు ఇష్టమైతే, మీకు ఇదే సరైన సినిమా.

ఇసుజు యమదా: కదలని ముఖం

షేక్‌స్పియర్ మాట ఒక్కటి కూడా లేకుండా తీసిన మాక్‌బెత్ అన్నిటికంటే షేక్‌స్పియర్‌కు దగ్గరగా ఉందంటే నవ్వొస్తుంది కానీ, చాలామంది అంటారు, నేనూ అంటాను. అకిరా కురొసావా 1957లో తీసిన థ్రోన్ ఆఫ్ బ్లడ్ అది. జపనీస్ పేరుకు అర్థం సాలెగూటి కోట. తొషిరో మిఫునే సేనాని వషిజు, ఇసుజు యమదా అతని భార్య అసాజి.

కురొసావా ఇక్కడ జపాన్ సంప్రదాయ నాటకం నో పద్ధతిని తెచ్చిపెట్టాడు. నో నాటకాల్లో వాడే షకుమి అనే ముసుగును యమదాకు చూపించి నీ ముఖం ఇలా ఉండాలన్నాడు. పిచ్చి అంచున నిలబడ్డ నడివయసు స్త్రీ ముసుగు అది. యమదా ముఖం అలాగే ఉంటుంది. కనురెప్ప కూడా కదలదు. మిఫునే గదంతా తిరుగుతాడు, గర్జిస్తాడు, చెమటలు కక్కుతాడు. ఆమె నేలమీద బొమ్మలా కూర్చుని, అతనివైపు చూడకుండా, పొడి గొంతుతో లెక్క చెబుతుంది: నీ స్నేహితుడు ఇప్పటికే ప్రభువుకు చెప్పేసి ఉంటే? ప్రభువు నిన్ను నమ్ముతాడని ఏమిటి నమ్మకం? ఇక్కడ ఆమె నీ మగతనం ఏమైందని ఎద్దేవా చేయదు. లోకం ఎలా నడుస్తుందో చెబుతుంది, అంతే. ఆమె చెప్పేది నిజం కూడా. ఆ ప్రభువూ వెనకటి ప్రభువును చంపే గద్దెనెక్కాడు.

కాపలావాళ్లకు ఇవ్వడానికి మత్తు కలిపిన సారా తేవడానికి ఆమె లేచి వెళ్తుంది. తలుపు అవతల చీకటి ఆమెను మింగేస్తుంది. తెరమీద నలుపు తప్ప ఏమీ ఉండదు, పట్టుబట్ట సరసర మాత్రం వినిపిస్తుంది. కాసేపటికి కూజాతో ఆ చీకట్లోంచే బయటికొస్తుంది. సిడన్స్‌ను మెట్లమీద పరుగెత్తించిన చప్పుడే ఇది. కురొసావా ఆమె రాసుకున్నది చదివాడని నేననను, కానీ ఈ రెండు చప్పుళ్లూ నా తలలో ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

హత్య జరుగుతున్నంతసేపు కెమెరా రాజు గదిలోకి పోదు, ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె కూర్చున్నది వెనకటి ద్రోహి ఒకడు పొట్ట చీల్చుకుని చచ్చిన గది, కడిగినా పోని రక్తం మరక ఉన్న గది. భర్త నెత్తుటి బల్లెంతో వచ్చి బిగుసుకుపోతే, అతని వేళ్లు విప్పి దాన్ని లాక్కుని, నిద్రపోతున్న కాపలావాడి చేతిలో పెట్టేది ఆమే. చివర్లో ఆమె కడుపులో బిడ్డ చచ్చి పుడుతుంది. ఆ తర్వాత ముసుగు చిట్లుతుంది. అప్పటిదాకా కదలని ముఖం చేతులు కడుగుతూ కడుగుతూ వంకర్లు పోతుంటే చూడటం కష్టం. ఆమె చావును కురొసావా చూపించడు. చూపించకపోవడమే మంచిదైంది.

పాత ఇంగ్లీషు డైలాగులంటే టెన్షన్ పడేవాళ్లు, సబ్‌టైటిల్స్‌కు అలవాటుపడ్డవాళ్లు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి. నలుపు తెలుపు, నిదానం. మొదటి అరగంట ఓపిక పట్టాలి.

మిగతా ముగ్గురు

విశాల్ భరద్వాజ్ మక్బూల్‌లో (2003) టబూ వేసిన నిమ్మి అసలు భార్యే కాదు. ముంబై మాఫియా పెద్ద అబ్బాజీ ఇంట్లో ఉంచుకున్న మనిషి. ఆమె ప్రేమించేది అతని కుడిభుజం మక్బూల్‌ను, అంటే ఇర్ఫాన్ ఖాన్‌ను. ఈ ఒక్క మార్పుతో కోరిక మొత్తం వేరైపోయింది. నిమ్మికి సింహాసనం అక్కర్లేదు, ముసలివాడి పక్కలోంచి బయటపడాలి. అబ్బాజీ చూపు ఇంకో కుర్రదాని మీద పడటం కూడా చూస్తోంది. ఆమెకున్న బలమల్లా మాటలూ ఆటపట్టించడమూ, వాటితోనే మక్బూల్‌ను కాల్చుకుతింటుంది. హత్య జరిగేటప్పుడు ఆమె పక్కగదిలో ఉండదు, అదే మంచంమీద ఉంటుంది, నెత్తురు ఆమె ముఖంమీదే పడుతుంది. తర్వాత గోడలమీద కూడా అదే కనిపించడం మొదలవుతుంది. ఇక్కడ మంత్రగత్తెల బదులు ఇద్దరు లంచగొండి పోలీసులు, ఓం పురి, నసీరుద్దీన్ షా. వాళ్లకోసమైనా చూడొచ్చు. అయితే మూల నాటకంలోని లేడీ మాక్‌బెత్ ఎవరో తెలుసుకోవాలంటే దీనితో మొదలుపెట్టకండి. రెండోదిగా చూస్తే దీని విలువ తెలుస్తుంది.

జోయెల్ కోయెన్ 2021 సినిమాలో ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్, డెంజెల్ వాషింగ్టన్. ఇద్దరికీ అరవై దాటాయి. దీనివల్ల వచ్చిన తేడా చిన్నది కాదు. కుర్ర జంటకు ఇది తొందర, ఈ ముసలి జంటకు ఇది ఆఖరి అవకాశం. ఇక పిల్లలు పుట్టరు, ఇంకో యుద్ధం గెలిచే వయసు కాదు, ఇన్నేళ్ల సేవకు రావాల్సింది రాలేదు. మెక్‌డార్మండ్ హత్యను ఇంటిపనుల్లో ఒకదానిలా, విసుగు లేకుండా, ఆలస్యం లేకుండా నడిపిస్తుంది. మొగుడి ఉత్తరం చదివి దాన్ని కాల్చి, మండుతున్న కాగితాన్ని రాత్రి ఆకాశంలోకి వదిలేసే షాట్ బాగుంటుంది. సెట్లన్నీ నీడలూ, గోడలూ, మెట్లూ. ఆమె పతనం మాత్రం నాకు హఠాత్తుగా అనిపించింది, నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ జుట్టు ఊడి వస్తోంది. ఆమె చావు విషయంలో రాస్ అనే పాత్రతో దర్శకుడు ఒక కొత్త అనుమానం పెట్టాడు, అది చెప్పి మీ ఉత్కంఠ చెడగొట్టను. కొత్తగా నాటకం చదువుతున్నవాళ్లకు ఇది సులువు. మాటలు స్పష్టంగా ఉంటాయి, నిడివి రెండు గంటల లోపే.

రోమన్ పొలాన్‌స్కీ 1971లో తీసినదాంట్లో ఫ్రాన్సెస్కా ఆనిస్ వయసు పాతికకు కాస్త అటు. అందంగా, సుకుమారంగా, దాదాపు కాలేజీ పిల్లలా ఉంటుంది. చూడగానే ఈ అమ్మాయి ఇంత పని చేయించగలదా అనిపించడమే దర్శకుడికి కావలసింది. విచిత్రమేమిటంటే సిడన్స్ కూడా తన నోట్సులో లేడీ మాక్‌బెత్‌ను తెల్లగా, సన్నగా, పెళుసుగా ఉండే మనిషిగానే ఊహించుకుంది, తను స్టేజీ మీద వేసింది మాత్రం గంభీరంగా. ఈ సినిమాలో నెత్తురు చాలా ఎక్కువ, డంకన్ హత్యను తెరమీదే చూపిస్తారు. నిద్రలో నడిచే రంగంలో ఆనిస్ నగ్నంగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లతో, పిల్లలతో కూర్చుని పెట్టుకునే సినిమా కాదని ముందే చెప్పడం మంచిది.

ఆర్సన్ వెల్స్ 1948 సినిమా కూడా ఉంది, 23 రోజుల్లో చుట్టేశాడు. వెల్స్ అభిమానులకు సరే, జెనెట్ నోలన్ లేడీ మాక్‌బెత్ కోసం మాత్రం వెతుక్కుని చూడక్కర్లేదు.

సంగీతం ఇష్టమున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఇటలీ సంగీతకర్త వెర్ది ఈ నాటకాన్ని 1847లో ఒపెరాగా, అంటే పాటలతోనే సాగే నాటకంగా చేశాడు. మరుసటి ఏడు ఒక గాయనిని ఈ పాత్రకు తీసుకుంటున్నారని తెలిసి అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశాడు: ఆమె మరీ అందంగా ఉంది, మరీ చక్కగా పాడుతుంది, నాకు కావలసింది కరుకైన, గొంతు నొక్కుకుపోయిన స్వరం అని. సంగీత దర్శకుడే బాగా పాడొద్దని అడగడం ఎక్కడైనా విన్నారా? నిద్రలో నడిచే రంగం ఒక్కటి విని చూడండి, కథ తెలిస్తే చాలు, ఇటాలియన్ రాకపోయినా పరవాలేదు.

ఎవరికి ఏది

పరీక్షకో వ్యాసానికో కావాలంటే డెంచ్. మాటలు మూలంలోవే, పక్కన పుస్తకం పెట్టుకుని చూడొచ్చు. అది నాటకంలా ఉంది, సినిమా కావాలి అంటే మెక్‌డార్మండ్. ఇంగ్లీషు వద్దనుకుంటే యమదా, నచ్చితే ఆ వెంటనే టబూ.

ఈ పాత్ర వేయబోతున్న నటి అయితే నా సలహా తారుమారవుతుంది. డెంచ్‌ను చూడకండి, కనీసం మీ రిహార్సల్స్ సగమయ్యేదాకా. ఆ మూలుగు ఒక్కసారి చెవిన పడితే మీ సొంత మూలుగు దొరకదు. కొటియార్‌ను చూడండి, అనుకరించడానికి కాదు, నడకా చేతులు కడగడమూ లేకుండా కూడా ఆ రంగం నిలబడుతుందని ధైర్యం రావడానికి. మూర్ఛపోయే చోటు గురించి కూడా ముందే తేల్చుకోండి. హత్య బయటపడ్డ ఉదయం, కాపలావాళ్లను ఎందుకు చంపానో మాక్‌బెత్ అతిగా వర్ణిస్తుంటే, నన్ను ఇక్కణ్ణుంచి తీసుకెళ్లండి అని ఆమె పడిపోతుంది. మొగుణ్ని కాపాడటానికి వేసిన ఎత్తా, నిజంగానే కళ్లు తిరిగాయా? నిజమే అనుకుంటే పగులు అప్పుడే మొదలైంది. నటన అనుకుంటే ఇంకా పూర్తి బలంలోనే ఉంది. మీరు ఏది ఎంచుకుంటే ఐదో అంకం దాన్నిబట్టి మారుతుంది. దర్శకుడు ఈ మాట కత్తిరించేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు.

రెండు సినిమాలకు తీరిక ఉంటే, రెండూ పూర్తిగా చూడటానికి ముందు ఒక పని చేయండి. ఐదో అంకం మొదటి రంగం మూడు నాలుగు పేజీలు ఉంటుంది, అది చదవండి. వైద్యుడు ఆమె అనే మాటలు మర్చిపోకుండా రాసుకుంటానంటాడు, కాసేపటికి ఇది నా వైద్యానికి లొంగేది కాదంటాడు. ఆ రంగాన్ని డెంచ్ ఎలా చేసిందో, వెంటనే కొటియార్ ఎలా చేసిందో చూడండి. ఇద్దరూ పలికేది నాలుగొందల ఏళ్ల నాటి అవే మాటలు. ఏది చూస్తున్నప్పుడు మీరు ఆ పరిచారిక పక్కన, గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడినట్టు అనిపిస్తే ఆ సినిమా మొదటి నుంచి పెట్టుకోండి. డెంచ్ అయితే హెడ్‌ఫోన్స్ తీసేయండి.